రెండున్నర గంటలు ఎండలో, నాలుగు సెకన్లు స్టేజి మీద: యూట్యూబర్ల మీట్‌కి వెళ్ళినవాళ్ళు ఎందుకు ఉసూరుమంటారు?

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నరసన్నపేట నుంచి అమ్మాయిని తీసుకుని విజయనగరం వచ్చారు. మనిషికి 799 చొప్పున రెండు టిక్కెట్లు. పోస్టర్ మీద ఉదయం పదకొండు అని ఉంది, గేటు ఒంటిగంటన్నరకి తీశారు. పాపకి ప్రాణమైన ఆ యూట్యూబ్ అక్క నాలుగున్నరకి వచ్చి ఐదుంబావుకి వెళ్ళిపోయింది. పాప వంతు వచ్చేసరికి ముఖమైనా చూడకుండా ‘నెక్స్ట్, నెక్స్ట్’ అన్నారు. నెల్లాళ్ళు కూర్చుని గీసిన బొమ్మని ఎవరో వాలంటీర్ తీసుకుని పక్కన పడేశాడు. ఇంటికొచ్చి ఆ ఛానెల్ అన్‌సబ్‌స్క్రైబ్ చేసి, అన్నం తినకుండా పడుకుంది. ‘ఇది మోసమా, మేమే ఎక్కువ ఆశపడ్డామా?’ అని అడిగారు.

నేను విజయనగరంలో పంతొమ్మిదేళ్ళుగా సౌండూ లైటింగూ పెడుతున్నాను. జాతరలు, పెళ్ళిళ్ళు, ఆర్కెస్ట్రాలు, కాలేజీ ఫంక్షన్లు, ఈ ఐదారేళ్ళుగా క్రియేటర్ల మీట్‌లు. మీరు వెళ్ళినదానికి సౌండ్ నాది కాదు, ముందే చెప్పేస్తున్నా. కానీ అలాంటివి ఓ డజను దాకా మిక్సర్ వెనక కూర్చుని చూశాను. అక్కడ కూర్చున్నవాడికి స్టేజీ కనబడుతుంది, జనమూ కనబడతారు. మీ ప్రశ్నకి నా జవాబు: మోసం ఉండి ఉండొచ్చు. అయితే పైసా మోసం లేనిచోట కూడా పిల్లలు ఇలాగే ఏడుస్తూ బస్సెక్కడం చూశాను. పోస్టర్ అమ్మేది కలవడాన్ని. హాలు ఇవ్వగలిగేది చూడడాన్ని మాత్రమే. ఆ సంగతి టిక్కెట్ మీద ఎవరూ అచ్చువెయ్యరు.

లెక్క వేసి చూడండి. ఒక మనిషి మెట్లెక్కి, ఫోన్ వాలంటీర్ చేతికిచ్చి, పక్కన నిలబడి, ఫొటో దిగి, ఫోన్ తీసుకుని అవతలివైపు దిగడానికి తక్కువలో తక్కువ 20 సెకన్లు. అంటే నిమిషానికి ముగ్గురు. ఆ యూట్యూబ్ అక్క ఉన్నది 45 నిమిషాలు. 135 మంది. అది కూడా ఎవడూ ఫోన్ లాక్ తియ్యడం మర్చిపోకుండా, ఏ తల్లీ ‘మా చిన్నోడితో ఇంకొక్కటి’ అనకుండా ఉంటే. మీరు హాల్లో వెయ్యిమంది పైనే ఉంటారన్నారు. వెయ్యిమందికి తలా 20 సెకన్లంటే అయిదున్నర గంటలు. ఆమె అయిదున్నర గంటలు నవ్వుతూ నిలబడదు, ఎవరూ నిలబడలేరు, పెళ్ళికూతురు కూడా రిసెప్షన్‌లో రెండు గంటలకే కుర్చీ వెతుక్కుంటుంది. కాబట్టి 20 సెకన్లని నాలుగు చేస్తారు. నాలుగు సెకన్లలో ఎంత మంచిమనిషైనా తన మంచితనం చూపించలేదు. ఆ ‘నెక్స్ట్’ అన్నది ఆమె కాకపోవచ్చు కూడా. స్టేజి పక్కన నిలబడి గడియారం చూసుకునే కుర్రాడు ఒకడుంటాడు. పాపకి మాత్రం ఆ మాట అక్క నోట్లోంచే వినబడుతుంది.

ఈ లెక్క నిర్వాహకుడికి ముందే తెలుసు. 1,000 టిక్కెట్లు అమ్మిన రోజునే తెలుసు.

లెక్క ఒక్కటే అయితే పిల్లలు విసుక్కుంటారు, అంతే, అన్నం మానెయ్యరు. అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, టీవీలో మాట్లాడే మనిషి సూటిగా మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటాడనీ, చూసేవాళ్ళకి అతను తెలిసిన మనిషైపోతాడనీ, అయితే ఆ పరిచయం ఒకవైపే ఉంటుందనీ రాశారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు పారాసోషల్. అప్పటికి టీవీ హాల్లో ఉండేది, ఇంటిల్లిపాదీ చూసేవారు. ఇప్పుడు ఫోన్ దుప్పట్లో ఉంది. ఆ అక్క ‘ఏటి చేస్తన్నారు, తిన్నారా?’ అంటుంది, మీ పాప మనసులో ‘తిన్నానక్కా’ అంటుంది. ఆ ఇంటి గేదె పేరు, ఆమె పిన్ని అలక, మొన్న జ్వరమొస్తే ఏ మాత్ర వేసుకుందో కూడా పాపకి తెలుసు. రెండేళ్ళ స్నేహం అది. అవతల మనిషికి తెలియని స్నేహం.

సినిమా హీరోల ఫంక్షన్లకీ నేను సౌండ్ పెట్టాను. అక్కడ కుర్రాళ్ళు లాఠీ దెబ్బలు తిని, చొక్కాలు చింపుకుని, ఆనందంగా ఇంటికెళ్తారు. హీరో తమని గుర్తుపడతాడని వాళ్ళెవరూ అనుకోరు. చూడ్డానికి వచ్చారు, చూశారు. యూట్యూబర్ దగ్గరికి వచ్చే పిల్లలు వేరు. వాళ్ళు ‘అక్కా, నేను ఆ రోజు కామెంట్ పెట్టాను కదా, నువ్వు లవ్ గుర్తు కొట్టావు కదా’ అని చెప్పడానికి వస్తారు. చూడ్డానికైతే ఫోన్ చాలు, రోజూ చూస్తున్నారు. అక్క తమని చూడాలని వాళ్ళ కోరిక. 799 రూపాయలకి ఆ సరుకు ఎవరి దగ్గరా లేదు.

మన ఊళ్ళో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం మీరు చూసే ఉంటారు. లక్షల్లో జనం. ఎండలో నిలబడతారు, తోసుకుంటారు, చెప్పులు పోగొట్టుకుంటారు. మాను చివర కూర్చున్న పూజారి ఎవరినీ పేరుపెట్టి పిలవడు, ఎవరి చెయ్యీ పట్టుకోడు. అయినా మూడు లాంతర్ల కూడలి దగ్గర అరటిపండు విసిరిన ముసలమ్మ ‘అమ్మని చూసొచ్చాను’ అని తృప్తిగా ఇంటికి పోతుంది. భక్తి గొప్పదే, దాని జోలికి నేను వెళ్ళను. నా వృత్తి కళ్ళకి కనబడేది ఏర్పాటు. అంత పొడుగు చింతమానుని ఏటవాలుగా లేపితే వీధి చివర ఉన్నవాడికీ కనబడుతుంది. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పితే మొదటిసారి తలకాయలు అడ్డొచ్చినవాడికి రెండోసారి దొరుకుతుంది. ముందు పాలధార, జాలరి వల, అంజలి రథం, ఏనుగు అన్నీ వరసగా వస్తుంటాయి కనుక, మాను ఎంత దూరంలో ఉందో ఏ మైకూ చెప్పకుండానే జనానికి తెలిసిపోతుంది. ఎంత ఆలస్యమైనా ‘వస్తాదా రాదా’ అన్న గాభరా ఉండదు.

మన కల్యాణమండపంలో స్టేజి ఎత్తు మూడడుగులు. ముందు నాలుగు వరసలు ఫోన్లు పైకెత్తుతాయి. అయిదో వరస నుంచి అక్కని కాదు, అక్కని తీస్తున్న ఫోన్లని చూస్తారు. రోజూ ఇంట్లో చూసే స్క్రీన్‌లోనే, ఇంకా చిన్నగా.

ఇది మన ప్రాంతపు జబ్బేమీ కాదు. వీడియోలవాళ్ళ పండగలకి పెద్దన్న లాంటి విడ్‌కాన్‌ని హాంక్ గ్రీన్, జాన్ గ్రీన్ అనే అన్నదమ్ములు 2010లో లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్లో మొదలుపెట్టారు. వచ్చింది సుమారు 1,400 మంది. వాళ్ళలో చాలామంది తామూ ఏవో వీడియోలు చేసుకునేవాళ్ళే, కాబట్టి చేసేవాడూ చూసేవాడూ ఒకే నడవాలో తిరిగారు. 2012లో అనాహైమ్‌లో పెద్ద కన్వెన్షన్ సెంటర్‌కి మారింది, కొన్నేళ్ళలో జనం ఇరవై వేలు దాటారు. ఇక నడవాలో ఎదురుపడడం కుదరదు కదా. పేరున్నవాళ్ళకి వేరే దారులు, కాపలా, వాళ్ళని కలవాలంటే లాటరీ. 2016 జూన్‌లో క్రిస్టీనా గ్రిమీ అనే అమ్మాయిని, యూట్యూబ్‌లో పాడుతూ పైకొచ్చిన గాయని, ఓర్లాండోలో కచేరీ అయ్యాక అభిమానులకి ఆటోగ్రాఫ్‌లు ఇస్తుండగా ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాత కాపలా ఇంకా బిగిసింది. అది చదివాక నేనైతే బారికేడ్ పెట్టినవాణ్ణి తిట్టడం మానేశాను. లాటరీలో ఒక నిజాయితీ కూడా ఉంది: నీకు దొరకకపోవచ్చు అని ముందే చెబుతుంది.

చెప్పకపోతే ఏమవుతుందో 2018లో చూశారు. టానా మోంజో అనే యూట్యూబర్‌కి విడ్‌కాన్ తనకి తగిన గుర్తింపు ఇవ్వలేదని కోపమొచ్చి, సరిగ్గా అదే రోజుల్లో, ఆ దగ్గర్లోనే ఒక హోటల్లో టానాకాన్ అని సొంత పండగ పెట్టుకుంది. లోపల పట్టేది వెయ్యిమంది. వచ్చింది వేలల్లో. జూన్ ఎండలో పార్కింగ్ స్థలంలో గంటలకొద్దీ నిలబడి పిల్లల ముఖాలు కమిలిపోయాయి. 65 డాలర్ల వీఐపీ టిక్కెట్ కొన్నవాళ్ళూ అదే ఎండలో నిలబడ్డారు. జూన్ 22న మొదలుపెట్టి ఆ రోజే ఆపేశారు. దానికి నాలుగేళ్ళ ముందు, షికాగో దగ్గర డాష్‌కాన్ అని ఇంకోటి జరిగింది. అది వీడియోలవాళ్ళది కాదు, టంబ్లర్ అనే బ్లాగుల సైటు వాడేవాళ్ళది, కానీ వ్యవహారం అదే. మొదటి రాత్రే హోటల్‌కి కట్టాలంటూ వచ్చినవాళ్ళ దగ్గరే 17,000 డాలర్లు చందా పోగుచేశారు. అతిథుల కార్యక్రమం రద్దయితే, దానికి సీట్లు రిజర్వు చేసుకున్నవాళ్ళకి పరిహారంగా పిల్లలు దూకి ఆడుకునే బంతుల తొట్టిలో ఒక గంట అదనంగా ఇస్తామన్నారు. అంత పెద్ద ఖాళీ హాల్లో ఆ బుల్లి తొట్టి ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ నవ్వూ జాలీ రెండూ వస్తాయి.

ఇక నా పని గురించి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ సగం నిరాశ చెవిలోంచి వస్తుంది. మన కల్యాణమండపాల్లో నేలంతా టైల్స్, గోడలు నున్నగా, పైన రేకులో పీవోపీనో. బూరలకీ డప్పులకీ అది బాగుంటుంది. మాటకి పనికిరాదు. ధ్వని సెకనుకి 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల అవతల గోడకి తగలడానికే సెకనులో పదోవంతు, తిరిగి రావడానికి ఇంకో పదోవంతు. ఈలోగా ఆమె ఇంకో మాట అనేస్తుంది. ఒకదానిమీద ఒకటి పడి, చివరి వరసలకి ‘హవ్వ హవ్వ’ అని వినబడుతుంది. దాని మందు తెలిసిందే. సౌండ్ తగ్గించి, చిన్న బాక్సులు నాలుగైదుచోట్ల పెట్టి, వెనకవాటికి కాస్త ఆలస్యంగా మాట వెళ్ళేలా మిక్సర్‌లో సరిచెయ్యాలి. కానీ నిర్వాహకుడు అడిగేది ‘బాక్సులు అదిరిపోవాలి బావ్’ అని. డీజే పాటకి కట్టిన బాక్సుల్లోనే ఆమె మాట్లాడాలి. ఆమె కామెడీ అంతా యాసలో ఉంటుంది. ఆ సాగతీత, ఆ చివరి ‘ఏటి’ వినబడకపోతే నవ్వు రాదు.

ఆపైన ఆమెకి స్టేజి పని రాదు. తప్పుగా అనట్లేదు. ఎనిమిది నిమిషాల వీడియో వెనక ఒక రోజంతా షూటింగ్ ఉంటుంది. తడబాట్లు కోసేస్తారు, నవ్వొచ్చే ముక్కలే మిగుల్చుతారు. పొలం గట్టు మీద, తమ్ముడు ఫోన్ పట్టుకుంటే, వదిన పక్కనుంచి అందిస్తే మెరిసే మనిషి ఆమె. వెయ్యిమంది ముందు ఒక్కతే కార్డ్‌లెస్ పట్టుకుని ఏం చేస్తుంది? ‘హాయ్ విజయనగరం’ అంటుంది. ఒక డైలాగు చెబుతుంది. ఒక స్టెప్పు వేస్తుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం నాకు మిక్సర్ దగ్గర బాగా తెలుస్తుంది, వెంటనే పాట వేసేస్తాను. ఒకసారి ఒక కుర్రాడు, లక్షల్లో చూసేవాళ్ళున్నవాడు, స్టేజి దిగి నా వెనక కేబుళ్ళ మధ్య కూర్చుని మంచినీళ్ళు తాగుతూ ‘అన్నా, నన్ను చూసి బోరు కొట్టింది కదా వాళ్ళకి’ అన్నాడు. ఏం చెప్పాలో తెలీక ఇంకో నీళ్ళ బాటిల్ ఇచ్చాను. నిరాశ కిందవాళ్ళకే అనుకోకండి.

మిగతా సమయం ఎటు పోతుందో మీకు తెలుసు, కూర్చుని చూశారు కదా. జ్యోతి ప్రజ్వలన. ముఖ్య అతిథి. ఆయన వెనక వచ్చిన పన్నెండుమంది. శాలువాలు, మెమెంటోలు. ప్లాట్ల వెంచర్‌వాళ్ళ వీడియో, కోచింగ్ సెంటర్ వాళ్ళ వీడియో, మళ్ళీ వెంచర్. స్పాన్సర్ డబ్బు లేకపోతే కార్యక్రమమే లేదు, అది నిజం. ఆ డబ్బు ఇచ్చినవాడికి కావలసింది కూర్చుని చూసే జనం. అందుకే పోస్టర్ మీద పదకొండు అని వేసి, అక్కని నాలుగున్నరకి దింపుతారు. ఇంకో మీట్‌లో ఒకావిడ హైదరాబాద్ నుంచి పొద్దున్నే విశాఖలో దిగి, అరవై కిలోమీటర్లు కారులో వచ్చి, హోటల్లో ఖాళీగా కూర్చుని ఉండగా కింద యాంకర్ ‘దారిలో ఉన్నారు, చప్పట్లు కొట్టండి’ అని అరిచిన సందర్భానికి నేనే సాక్షిని. ఆ నిర్వాహకుడు నాకింకా సగం డబ్బు ఇవ్వాలి, అది వేరే కథ.

బయట క్యూ విషయంలో మాత్రం నేను ఎవరినీ వెనకేసుకురాను. సరుగుడు కర్రలతో మెలికలుగా నాలుగు లైన్లు కట్టి, పైన షామియానా వేసి, నీళ్ళ డ్రమ్ములు పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. రథసప్తమికి అరసవల్లిలో ఎన్ని వేలమంది క్యూలో నడుస్తారో మీ జిల్లావాళ్ళకి నేను చెప్పాలా! చదరపు మీటరుకి అయిదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే, జనం ఎటు ఊగితే మనిషి అటు పోతాడు. పిల్లలున్నచోట గేటు ఒకటే తీసి, అందరినీ ఒకేసారి వదలడం తప్పు. ఇందులో సర్దిచెప్పడానికి ఏమీ లేదు.

బాగా జరిగింది లేదా అంటే ఒకటి చూశాను. శ్రీకాకుళంలో, చిన్న హాలు, మూడొందల టిక్కెట్లు, అంతే. ఆ వచ్చినాయన ‘సెల్ఫీలు వద్దు’ అన్నాడు. గేటు దగ్గర చీటీలిచ్చి ప్రశ్నలు రాయించారు. ఆయన స్టేజి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని గంటన్నర ఆ చీటీలు చదివాడు, రాసిన పిల్ల పేరు పిలిచి, లేచి నిలబడమని, మొహం చూసి జవాబు చెప్పాడు. చివర్లో ఇరవైమంది చొప్పున పదిహేను గ్రూపు ఫొటోలు. పావుగంట తక్కువ గంట పట్టింది. డీజే లేదు, నా బాక్సుల్లో సగం ఆన్ చెయ్యలేదు కూడా. ఒక్క చీటీ చదివితే మిగతావాళ్ళంతా అది తమదే అనుకున్నారు. ఆయన నాకు పైసా మిగల్చలేదు, మళ్ళీ ఎప్పుడు పెడతారా అని చూస్తున్నాను.

అందుకని ఇంకోసారి పాప అడిగితే వద్దనకండి. టిక్కెట్ కొనేముందు ఆ నంబర్‌కి ఫోన్ చేసి మొత్తం ఎన్ని టిక్కెట్లు అమ్ముతున్నారో, కలవడానికి ఎన్ని నిమిషాలో అడగండి. రెండూ చెబితే భాగహారం మీరే చేసుకోవచ్చు. ‘అందరినీ కలుస్తారండీ, గ్యారంటీ’ అన్నాడంటే ఆ డబ్బుతో పాపని భీమిలి తీసుకెళ్ళండి. పాప వెంట ఒక స్నేహితురాల్ని కూడా పంపండి. అదే ఛానెల్ పిచ్చి ఉన్న పిల్లలు క్యూలో ఒకరికొకరు డైలాగులు చెప్పుకుని నవ్వుకుంటారు. నేను చూసినంతలో ఆ మీట్‌లలో నిజంగా సంతోషంగా ఉండేది ఆ క్యూలోనే.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. పోస్టర్ మీద ‘మీట్ గ్యారంటీ’ అని, టైమ్ పదకొండు అని ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. టిక్కెట్ మెసేజ్, డబ్బు కట్టిన యూపీఐ రసీదు కూడా. ముందు నిర్వాహకుడికి రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ అయినా సరే. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, అంటే శ్రీకాకుళంలో, విజయనగరం తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. ‘నో రీఫండ్’ అని కింద చిన్న అక్షరాల్లో ఉందని భయపడకండి. అన్నమాట ప్రకారం చెయ్యనివాణ్ణి ఆ ఒక్క ముక్కే కాపాడేయదు.

డబ్బు అడిగేటప్పుడు బొమ్మ కూడా అడగండి. ఏ మీట్ అయినా రాత్రి స్టేజి విప్పేటప్పుడు జంపఖానా కింద, మెట్ల వెనక, ఎప్పుడూ ఒకటో రెండో అట్టపెట్టెలు దొరుకుతాయి: బొమ్మలు, ఉత్తరాలు, పేర్లు అల్లిన కీచైన్లు, కరిగిపోయిన చాక్లెట్లు. కారులో చోటు లేదనో, ట్రైన్ టైమైపోయిందనో వదిలేసిపోతారు. సౌండ్ వాళ్ళం పారెయ్యలేం, అలాగని ఎవరికివ్వాలో తెలీదు. నా గోడౌన్‌లోనే రెండు పెట్టెలున్నాయి. మీరు వెళ్ళిన హాలు వాచ్‌మన్‌ని కలవండి, ఆఫీసులో వద్దు, సాయంత్రం గేటు దగ్గర. ఆయనకి తెలిసే ఉంటుంది.